కుడిచేతి గడియారం

"టైమెంతయిందండీ?" అని భార్య మామూలుగానే అడిగింది, అతనూ మామూలుగానే ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నాడు, అక్కడ వాచీ లేదు. వాచీ ఉండే చోట ఎండ తగలని తెల్లటి పట్టీ మాత్రం ఉంది. వాచీ కుడిచేతికి ఉంది. ఏడూ ఇరవై అన్నాడు, ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది, వెంటనే కుడిచెయ్యి బల్ల కిందికి దించేసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆవిడ చూడలేదు. ఆవిడ మెనూ కార్డులో మిరపకాయల బొమ్మలు చూస్తోంది, ఒక మిరపకాయ ఉంటే చప్పన, రెండుంటే మధ్యరకం, మూడుంటే దేవుడే దిక్కు. చూడకపోవడం అదృష్టమే, చూసుంటే ఆవిడకి చెప్పక్కర్లేదు, పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టు మెకానిక్కుతో కాపురం చేస్తున్న మనిషి, ఆయన వాచీ కుడిచేతికి ఉందంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఎక్కడో ఒక లిఫ్టులో జంపర్ వైరు వేసి ఉందని. వేసిన వైరు ఇంకా తియ్యలేదని.

ఆ అలవాటు పెద్ద మేస్త్రీ చేసింది. పనిలో చేరిన మొదటి వారం, చమురు కంపు కొట్టే మెషిన్ రూములో, ఎడమచేతికి రెండు వేళ్ళు లేని ఆ ముసలాయన బీడీ ఆర్పి చెప్పాడు, ఒరేయ్, లిఫ్టు తలుపు మూసుకుంటే తాళం దగ్గర రెండు రాగి ముక్కలు తగులుకుంటాయి, తగులుకుంటేనే బండి కదులుతుంది, లేకపోతే కదలదు, ఎక్కినవాళ్ళ ప్రాణాలన్నీ ఆ రెండు ముక్కల మీదే ఉన్నాయి. ఆ ముక్కలకి దుమ్ము పట్టి బండి మొరాయిస్తే, ఒకసారి కదిపి చూడ్డానికి పైన పెట్టె తెరిచి జానెడు వైరుతో ఆ దారి కలుపుతాం, అప్పుడు తలుపు బార్లా తెరిచున్నా మూసుకునే ఉందనుకుంటుంది, పిచ్చిమొహంది. పనవగానే వైరు తీసెయ్యాలి. తియ్యకపోతే బండి ఆగదు సరికదా ఇంకా బుద్ధిగా తిరుగుతుంది, అందుకే మర్చిపోతారు వెధవలు, తలుపు సగం తెరిచుండగా కదులుతుంది, సగం లోపల సగం బయట ఉన్నవాడి గతి నేను చెప్పను. కాబట్టి వైరు పెట్టేముందు వాచీ కుడిచేతికి మార్చు, తీశాక ఎడమచేతికి మార్చు. ఇరవై రెండేళ్ళు అలాగే మార్చాడు. జ్వరంతో ఉన్న రోజుల్లోనూ మార్చాడు, తన పెళ్ళి ముందు రోజు సాయంత్రం కూడా ఒక లిఫ్టు పని పడితే మార్చాడు, అత్తగారి అంత్యక్రియల నుంచి నేరుగా వెళ్ళి పని చేసినప్పుడూ మార్చాడు, ఒక్కరోజు తప్పలేదు, మరి ఇవాళేం పుట్టింది?

ఇవాళ కళ్ళాసుపత్రి. ఆరంతస్తుల పాత భవనం, దానికి తగ్గ పాత లిఫ్టు, నాలుగో అంతస్తు దగ్గర మొరాయిస్తోందని మధ్యాహ్నం కబురు. తనిప్పుడు సూపర్‌వైజరు, చెయ్యి పెట్టాల్సిన పని లేదు, కానీ పంపడానికి మనిషి లేడు, ఎందుకు లేడో తర్వాత సంగతి. వెళ్ళాడు, వాచీ మార్చాడు, వైరు వేశాడు, అంతవరకూ కళ్ళకి కట్టినట్టు ఉంది. బండిని కిందికి తెచ్చాడు, నాలుగో అంతస్తు తాళం విప్పి రాగి ముక్కలు గరుకు కాగితంతో రుద్దాడు, బిగించాడు, పైకెక్కాడు, పెట్టె తెరిచాడు, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకున్నాడు, అప్పుడు ఫోను మోగింది. ఏమండీ, మన నంబరు దగ్గరికొచ్చేసింది, టోకెను మీద రాసినవాళ్ళందరూ గుమ్మంలో ఉంటేనే కూర్చోబెడుతుందట ఈ హోటలు మహాతల్లి, లేకపోతే వెనక్కి నెట్టేస్తుందట, ఎక్కడున్నారు? వస్తున్నా, వస్తున్నా, అని స్క్రూడ్రైవరు నోట్లో ఉండగానే అన్నాడు, ఆవిడ నవ్వింది, నాలుగు నెలల తర్వాత ఫోన్లో ఆవిడ నవ్వు విన్నాడు, ఆ నవ్వు చెవిలో ఉండగానే పెట్టె తలుపు మూశాడు. మూసేముందు వైరు లాగాడా? లాగే ఉంటాడు. చెయ్యి దానంతటదే లాగి ఉంటుంది, వాచీ మార్చడం ఒక్కటే మర్చిపోయి ఉంటాడు. లేకపోతే రెండూ మర్చిపోయి ఉంటాడు. పనిసంచీ తెరిచి చూద్దామంటే అది కంపెనీ వ్యానులో పోయింది, వ్యాను ఏ మూల ఉందో, అయినా ఆ సంచీలో వైర్లు ఆరున్నాయో ఏడున్నాయో ఎవడికి తెలుసు.

"మూడు మిరపకాయలది చెప్పేస్తున్నా," అంది భార్య. "తట్టుకోలేకపోతే మీ ఇష్టం." చెప్పు, చెప్పు, అన్నాడు. ఎంత ఇరుకు హాలో ఈ థాయ్ హోటలు, పన్నెండు బల్లలు, వీపుకి వీపు తగిలేలా కుర్చీలు, ఎవరైనా లేవాలంటే వెనకవాడు గ్లాసు పట్టుకోవాలి. అయినా బయట కాలిబాట మీద ప్లాస్టిక్కు స్టూళ్ళ మీద పాతికమంది, టోకెన్లు చేతిలో పట్టుకుని అద్దంలోంచి లోపల తినేవాళ్ళ నోళ్ళు చూస్తున్నారు, వంటింట్లో పెద్ద మూకుడు కింద మంట భగ్గుమని లేచినప్పుడల్లా వాళ్ళ మొహాలు ఎర్రగా కనిపిస్తున్నాయి. రోట్లో పచ్చి బొప్పాయి తురుము దంచుతున్న చప్పుడు, టక్కు టక్కు టక్కు, నిమ్మగడ్డి వాసన, చేపల సాసు సీసా వాసన, నంబర్లు అరిచే పెద్దావిడ గొంతు, ఇరవై ఏడూ, ఇరవై ఎనిమిదీ, ఆవిడ అరుస్తున్న ప్రతి నంబరూ అతనికి అంతస్తు నంబరులా వినిపిస్తోంది, నాలుగూ అని అరవకుండా ఉంటే బాగుండు. ఏ లిఫ్టులోనూ ఇంత రద్దీ చూడలేదు. ఒక్క కళ్ళాసుపత్రి లిఫ్టులో తప్ప. ఇదిగో, వద్దనుకున్నకొద్దీ అక్కడికే పోతోంది బుద్ధి, అక్కడ రాత్రి తొమ్మిది దాకా రోగులుంటారు, కంట్లో చుక్కలు వేయించుకుని, అన్నీ అలికేసినట్టు కనపడుతుంటే గోడ పట్టుకుని నడుస్తుంటారు. తలుపు తెరుచుకున్న చప్పుడైతే చాలు, అడుగేస్తారు. ఇందాక బయల్దేరేటప్పుడు ఒకావిడ తన భుజం పట్టుకుని, నాయనా, ఇది లిఫ్టేనా, అని అడిగింది. లిఫ్టేనమ్మా అని తనే ఎక్కించాడు.

ఫోను చెయ్యాలి. ఇందులో ఆలోచించడానికేముంది, ఫోను తీసి లిఫ్టు ఆపమని చెప్పాలి, అయిదేళ్ళ పిల్లాడికైనా తెలిసే సంగతి. కానీ చెయ్యి జేబులోకి పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో అతనికి బాగా తెలుసు, సిగ్గు లేకుండా తెలుసు. ఫోను చేస్తే ఎందుకు అంటారు, కారణం రాసుకుంటారు, కంపెనీకి చెప్తారు, వైరు మర్చిపోయినవాణ్ణి కంపెనీ ఒక్కరోజు ఉంచదు, ఆ నియమం కాగితం మీద కాకుండా నిజంగా అమలయ్యేలా చూసింది ఎవరయ్యా అంటే తనే. నాలుగు నెలల కిందట షాపింగు కాంప్లెక్సులో తనిఖీకి వెళ్ళి పెట్టె తెరిచినప్పుడు లోపల ఎర్రటి వైరు వేలాడుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు, అయినా రిపోర్టు రాశాడు. రాసింది ఎవరి మీద? బుజ్జి మీద. ముప్పై మూడేళ్ళొచ్చి ఇద్దరు పిల్లల తండ్రయినా ఇంట్లో అందరికీ బుజ్జిగాడే అయిన భార్య తమ్ముడి మీద, తనే తీసుకొచ్చి, తనే పని నేర్పించి, తనే వాచీ మార్చడం నేర్పిన బావమరిది మీద. ఇటువంటి నిర్లక్ష్యానికి ఏ సంజాయిషీ సరిపోదు, అని రాశాడు. ఆ వాక్యం రాసి రెండుసార్లు చదువుకున్నాడు, బాగా కుదిరిందనుకున్నాడు, ఛీ. భార్య బతిమాలింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రేపు ఎవరి కాలో పోతే నువ్వు పెడతావా కాలు, అన్నాడు, ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ గొడవ చెయ్యలేదు, అలగలేదు, వంట మానలేదు, మందుల షాపులో డ్యూటీకి వెళ్ళొచ్చి వేళకి అన్నం పెట్టింది, అడిగినదానికి జవాబు చెప్పింది. అంతే. అంతకన్నా ఇంత రాద్ధాంతం చేసినా బాగుండేది.

సూపు వచ్చింది. మధ్యలో చిన్న పొగగొట్టంలాంటిది ఉన్న గిన్నె, కింద మంట, చుట్టూ ఎర్రగా ఉడుకుతున్న పులుసు, దాన్లో తేలుతున్న పుట్టగొడుగులు. భార్య రెండు కప్పుల్లోకి వంచింది, ఊదుకుని ఒక గుక్క తాగింది, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, అబ్బబ్బబ్బ, అని నవ్వుతూ ముక్కు తుడుచుకుంది, ఎంత బావుందో, తాగండి, మా షాపులో పిల్ల చెప్పింది ఈ చోటు గురించి, ఆర్నెల్లుగా రావాలనుకుంటున్నా. తాగాడు. నాలుక భగ్గుమంది, మంచిదే, కొంచెంసేపు దాని గురించే ఆలోచించవచ్చు, కానీ కొంచెంసేపు కూడా కుదర్లేదు. ఇవాళ పొద్దున టీ ఇస్తూ తనంతట తనే అంది ఈవిడ, సాయంత్రం బయటికెళ్దామా, నేను ముందెళ్ళి టోకెను తీసుకుంటాను. చాలా చిన్నమాట, దాని కోసం రోజంతా ఈల వేశాడు. ఇప్పుడీ బల్ల మీద, ఈ సూపు ముందు, ఏమే, నేను వైరు మర్చిపోయినట్టున్నాను, అని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? ఇంటికెళ్ళాక చెప్దాం. ఇంటికెళ్ళేసరికి తొమ్మిదవుతుంది. తొమ్మిదిలోపు ఆ లిఫ్టు ఎన్నిసార్లు తిరుగుతుంది? గంటకి నలభై, పోనీ ముప్పై. తీసేసే ఉంటాను, అనుకున్నాడు, ఇరవై రెండేళ్ళ చెయ్యి. మెషిన్ రూము గడియ వేసినప్పుడు చెయ్యి ఖాళీగా ఉందా, వైరు ఉందా? ఖాళీగా ఉంది. ఫోను ఉంది. ఏదో ఉంది. రాగి ముక్కలు సరిగ్గా రుద్దాను కదా, వైరు ఉన్నా తలుపు సరిగ్గానే మూసుకుంటుంది కదా, మూసుకోని రోజున కదా ప్రమాదం, అని ఒక మెట్టు దిగాడు, దిగి, ఆ మాటే బుజ్జి ఆ రోజు అన్నాడని గుర్తొచ్చింది, తాళం బాగానే ఉంది కదా బావా, అని, దానికి తను నోరు మూసుకోమన్నాడని కూడా గుర్తొచ్చింది. టక్కు టక్కు టక్కు, ఎంతసేపు దంచుతారయ్యా ఆ బొప్పాయి.

బల్ల కిందే, ఎడమచేత్తో, తేలు కుట్టిన దొంగలా, ఆసుపత్రి నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎవరికండీ, అంది భార్య. ఆఫీసుకి, అన్నాడు. మా ఆసుపత్రికి ఫోను చేసినందుకు ధన్యవాదాలు, కంటిపొర ఆపరేషను కోసం ఒకటి నొక్కండి, కళ్ళజోళ్ళ కోసం రెండు నొక్కండి, అని ఒక తియ్యటి గొంతు మొదలెట్టింది. సున్నా నొక్కాడు, సంగీతం వచ్చింది. మీ కాలు మాకెంతో ముఖ్యం, అంది ఆ గొంతు, మళ్ళీ సంగీతం. కాపలాదారు నంబరు కలిపాడు, మోగి మోగి ఆగిపోయింది, వాడు ఈ వేళకి గేటు దగ్గర కార్లు సర్దుతుంటాడు, ఫోను కుర్చీలో ఉంటుంది. మళ్ళీ కలిపాడు. తను వెళ్ళాలంటే ఇక్కణ్ణుంచి ముప్పావుగంట. మూడోసారి కలుపుతుంటే ఎప్పుడు మార్చుకున్నాడో ఏమో ఫోను కుడిచేతిలో ఉంది, కుడిచెయ్యి పైన ఉంది, భార్య చూపు ఆ మణికట్టు మీద ఉంది.

ఆవిడ కప్పు కింద పెట్టింది. సూపు మంటకి ఎర్రబడ్డ మొహం మెల్లిగా తెల్లబడడం అతను చూశాడు.

"ఎక్కడ?" అంది.

"కళ్ళాసుపత్రి."

"తియ్యలేదా?"

"తెలీదు. తీసే ఉంటాను. తెలీదే."

ఇంకేదో అంటుందనుకున్నాడు, అనాలి కూడా, నాలుగు నెలల బాకీ ఉంది, తిట్టినా బాగుండు, ఇప్పుడు తెలిసిందా అన్నా తలవంచుకుని వినేవాడే. ఆవిడ తన ఫోను తీసింది. బుజ్జిగాడు ఆ పక్క వీధుల్లోనే ఉంటాడు ఈ టైముకి, అంది, పార్సిళ్ళు పంచేది అక్కడే. లోకంలో ఇంకెవరికైనా సరే, ఆ కంపెనీ ముసలి యజమానికైనా సరే, వాడికి మాత్రం వద్దు, అనుకున్నాడు, అనుకుంటూనే వాడికి తప్ప ఇంకెవరికీ ఆ పెట్టె తెరవడం రాదని తెలుసు, ఆ లిఫ్టుని మూడేళ్ళు చూసింది వాడే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, మెయిన్ స్విచ్చు ఎటు ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఆవిడ నంబరు కలిపి, ఒరే, మీ బావ మాట్లాడతారట, అని ఫోను అతని చేతిలో పెట్టేసింది. బావా, అన్నాడు వాడు, వెనక బళ్ళ హారన్లు, నాలుగు నెలల తర్వాత మొదటి మాట, ఆ ఒక్క మాటలో కోపం ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. చెప్పాడు. మూడు ముక్కల్లో చెప్పాడు, కళ్ళాసుపత్రి, వైరు తీశానో లేదో, ముందు మెయిన్ ఆపెయ్యి, పెట్టె అంతా ఒకసారి చూడు. రెండు నిమిషాల్లో అక్కడుంటా బావా, అన్నాడు వాడు, అనేసి పెట్టేశాడు. ఎందుకు, ఎలా, నువ్వా, ఏమీ అడగలేదు.

పెద్దావిడ గ్రీన్ కర్రీ తెచ్చి పెట్టింది, వెదురు బుట్టలో అన్నం పెట్టింది, సూపు ముట్టుకోలేదేం, బాలేదా, అని అడిగింది. బాగుందమ్మా అన్నాడు. బాగుంటే తాగాలి బాబూ, బయట ముప్పైమంది ఉన్నారు, అని వెళ్ళిపోయింది. కొబ్బరిపాల మీద పచ్చటి నూనె తెట్టు కట్టడం మొదలైంది. ఏడూ ముప్పై ఆరు. భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఫోనుకేసి చూస్తోంది. ఇప్పటికి చేరి ఉంటాడు, కాపలాదారుతో గొడవ పడుతుంటాడు, పార్సిళ్ళ చొక్కా వేసుకున్నవాణ్ణి మెషిన్ రూములోకి ఎవడు పోనిస్తాడు, లేదు, వాడికి అక్కడ అందరూ తెలుసు, నవ్వించి పోతాడు. ఆరంతస్తులూ మెట్లెక్కాలి, లిఫ్టు ఎక్కకూడదు, ఎక్కకు అని చెప్పాడా, చెప్పలేదు, అయ్యో, చెప్పలేదు. వాడికి తెలుసు. తెలిసినా తొందర్లో ఎక్కేస్తే? పక్క బల్ల దగ్గర ఎవరో కుర్చీ వెనక్కి నెట్టారు, తన వీపుకి తగిలింది, ఒక్కసారి లేచి నిలబడ్డాడు, గ్లాసులో నీళ్ళు ఒలికాయి. కూర్చోండి, అంది భార్య. కూర్చున్నాడు. ఆవిడ చేతి మీద చెయ్యి వేద్దామనుకున్నాడు, ఏ హక్కుతో అని ఊరుకున్నాడు. ఏడూ నలభై. నలభై రెండు. వాడికేమైనా అయితే, అనుకున్నాడు, ఆ వాక్యం పూర్తిచెయ్యడానికి భయం వేసింది, ఈవిడతో ఇక ఈ జన్మకి మాట్లాడలేడు.

ఫోను మోగింది. ఆవిడ స్పీకరు నొక్కి, ఇద్దరి మధ్యా పట్టుకుంది. ఆ హోరులో ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టాల్సి వచ్చింది.

"ఏం లేదు బావా," అన్నాడు బుజ్జి, ఆయాసపడుతూ. "అంతా క్లీనుగా ఉంది. నువ్వు తీసేశావు. ఊరికే కంగారు పెట్టుకున్నావు. హాయిగా భోంచెయ్యండి."

భార్య కళ్ళు మూసుకుంది. హమ్మయ్య అంది, ఆ మాటతో పాటు ఏడుపు కూడా వచ్చింది, కొంగుతో తుడుచుకుంటూ నవ్వింది. అతని ఒళ్ళంతా ఒక్కసారి వదులైపోయింది, మెడ, భుజాలు, దవడ, అప్పటిదాకా పళ్ళు బిగపట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. తీసేశాను. నా చెయ్యి తీసేసింది. ఆకలేసింది, నిజంగా ఆకలేసింది, కూర చల్లారిపోతోంది, ఈవిడ నవ్వుతోంది, బుట్టలో అన్నం తీసి తన పళ్ళెంలో పెడుతోంది, బతికిపోయాను. ఫోన్లో బుజ్జి ఇంకా మాట్లాడుతున్నాడు, వాడికి ఎక్కడ ఆపాలో ఎప్పుడూ తెలీదు, "రెండుసార్లు చూశా బావా, పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఏమీ లేదు, నువ్వేం అనుమానం పెట్టుకోకు."

పదకొండుకీ పన్నెండుకీ మధ్య. ఆ పెట్టెలో వైర్లు బిగించే నంబరు మరలు ముప్పై నాలుగున్నాయి, వైరు ఎప్పుడూ వేసేది కింది వరసలో, ముప్పైకీ ముప్పై ఒకటికీ మధ్య, బుజ్జీ అక్కడే వేస్తాడు, అందరూ అక్కడే వేస్తారు. ఇవాళ కింది మర అరిగిపోయి క్లిప్పు నిలవకపోతే, తను పైవరసకి వెళ్ళి పదకొండుకీ పన్నెండుకీ వేశాడు. ఆ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలీదు, బుజ్జికి చెప్పలేదు, పెట్టె అంతా చూడు అన్నాడంతే. అక్కడ వైరు చూసినవాడికి తప్ప ఇంకెవరికీ ఆ రెండు అంకెలు నోట్లోకి రావు. వెధవ, అబద్ధం చెప్పడం కూడా చేతకాదు వీడికి. ఆ రోజు షాపింగు కాంప్లెక్సులో పని చేసింది ఇద్దరు, ఈ వైరు ఎవరిది అని తను అడిగినప్పుడు రెండోవాడు నేల చూశాడు, వీడు కూడా నేల చూసి ఊరుకుంటే సరిపోయేది, నాదే బావా, అన్నాడు. తనని కాపాడుకోవడానికి ఒక్క అబద్ధం చెప్పలేనివాడు ఇప్పుడు బావ కోసం చెప్తున్నాడు. చెప్పనీ. ఎవరికీ ఏమీ కాలేదు, ఇక కాదు కూడా, ఆవిడ నమ్మింది, కూర వడ్డిస్తోంది, నోరు మూసుకుంటే సరిపోతుంది. అతను నోరు మూసుకుని ఉండాలని ఎంతగా అనుకున్నాడో అతనికే తెలుసు.

"బుజ్జీ," అన్నాడు, "అక్కడ ఉంది కదరా."

భార్య చేతిలో గరిటె ఆగింది.

"ఉంది బావా," అన్నాడు వాడు. "తీసేశా. జేబులో పెట్టుకున్నా. ఎవరూ చూళ్ళేదు, ఒట్టు."

"రేపు పొద్దున ఆఫీసుకి తీసుకురా. రిపోర్టుతో పాటు పెట్టాలి."

"వద్దు బావా. నా మాట విను. పని పోయాక మొదటి రెండు నెలలు నేను ఇంట్లో కూర్చున్నా కదా. బడి నుంచొచ్చి పిల్లలు, నాన్నా, నువ్వింట్లో ఉన్నావేంటి, అని రోజూ అడిగేవాళ్ళు. రోజూ. నీకు తెలీదు బావా అది."

నిజమే, తెలీదు. అతను భార్యకేసి చూశాడు. వద్దంటుందేమోనని చూశాడు, వద్దనమని లోపల దండం పెట్టుకుంటూ చూశాడు, ఒక్కసారి, ఒక్కమాట, ఇంతమందిలో గట్టిగా అనక్కర్లేదు, తల అడ్డంగా ఊపినా చాలు, మానేస్తాడు, ఆవిడ మాట కోసమే మానేశానని చెప్పుకుని బతికేస్తాడు. తమ్ముడి కోసం అంతగా బతిమాలిన మనిషి మొగుడి కోసం బతిమాలలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, కోపం లేదు, గరిటె గిన్నెలో పెట్టేసి ఫోను మీదికి వంగింది.

"తీసుకురారా బుజ్జీ," అంది. "తొమ్మిదింటికల్లా వచ్చెయ్యి. మీ బావ అక్కడే ఉంటారు."